కొట్లాట ప్రేమా, కాంట్రాక్ట్ పెళ్లా: ముగింపు తెలిసిన కథల్లో ఏది మేలు?

రొమాన్స్ నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "గొడవలతో మొదలై ప్రేమలో పడే కథ తీసుకోవాలా, ఏదో అవసరం కోసం గడువు పెట్టుకుని చేసుకునే కాంట్రాక్ట్ పెళ్లి కథ తీసుకోవాలా?" దాని వెనకే కాస్త మొహమాటంగా ఇంకోటి కూడా అడుగుతారు: "చివరికి కలుస్తారని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది కదా, ఇంక చదవడం దేనికి?" ఈ రెండో దాని సంగతి చూస్తే మొదటిది దానంతటదే తేలిపోతుంది.

కలుస్తారని తెలియబట్టే ఆ పుస్తకం చేతిలోకి తీసుకుంటాం. రోజంతా ఏది ఎటు పోతుందో తెలియని గోలలో బతికి, రాత్రి పడుకునే ముందు తెరిచిన పుస్తకంలో కూడా అదే టెన్షన్ ఎందుకు? పమేలా రెజిస్ అనే అమెరికన్ విమర్శకురాలు రొమాన్స్ నవలకు ఎనిమిది అంశాలు తప్పనిసరని 2003లో లెక్క తేల్చింది. పరిచయం, ఆకర్షణ, అడ్డంకి, ఇక అంతా అయిపోయిందనిపించే ఘట్టం, చివర్లో పెళ్లి మాట, ఇలాంటివి. మిగతావి ఎవరు రాసినా కొంచెం అటూ ఇటూగా ఒకేలా వస్తాయి. నన్నడిగితే నవల బాగుందా లేదా అన్నది అడ్డంకి దగ్గరే తేలిపోతుంది. ఆ ఇద్దరినీ ఆపుతున్నది ఏమిటి? ఆ సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు?

కొట్లాట కథలో అడ్డంకి ఇద్దరికీ తెలుసు. ఒకరంటే ఒకరికి పడదు, అంతే. ఇది బాగా కుదిరితే దీన్ని మించింది లేదు. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ ఇంగ్లిష్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చూడండి. మొత్తం 61 అధ్యాయాలు. హీరో మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది 34లో, హీరోయిన్ అతని మొహం మీదే కాదంటుంది. మర్నాడు, 35లో, అతని ఉత్తరం ఆమె చేతికి వస్తుంది. అక్కణ్ణుంచి కథంతా అతని గురించి తను ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని ఆమె తనే విప్పుకుంటూ రావడం. అడ్డంకి ఆమె లోపలే ఉంది కాబట్టి అన్ని పేజీలు నిలబడింది.

కానీ ఈ రకంలో ఎక్కువ నవలలు అంత కష్టపడవు. హీరో చెల్లెలితో నవ్వుతూ మాట్లాడుతుంటే హీరోయిన్ దూరం నుంచి చూసి ఎవరో అమ్మాయి అనుకుంటుంది. ఇక రెండు వందల పేజీల అలక. ఒక్క ఫోన్ చేసి అడిగితే తీరిపోయే అడ్డంకి అడ్డంకే కాదు. ఇంకో చిక్కేమిటంటే, పౌరుషం పేరుతో హీరో చేసే మోటు పనులన్నీ చివర్లో ఒక్క "సారీ"తో మాఫీ అయిపోతాయి. ఇరవై ఏళ్ల వయసులో అవి నాకు నచ్చేవి, ఇప్పుడు చిరాకు.

కాంట్రాక్ట్ పెళ్లిలో లెక్క వేరు. ఇక్కడ ముగింపు మనకు తెలుసు, ఆ ఇద్దరికే తెలియదు. ఆరు నెలల ఒప్పందమని వాళ్లు నమ్ముతున్నారు, మనం నమ్మం. అందుకే చిన్న పని కూడా రెండు రకాలుగా కనబడుతుంది. షరతుల కాగితంలో మూడోది "ఎవరి భోజనం వాళ్లదే" అనుకోండి. ఓ రోజు ఆమె ఆలస్యంగా వస్తుంది. టేబుల్ మీద మూత పెట్టిన కంచం. "మిగిలిపోయింది," అంటాడతను, చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఆమె నమ్మి తినేస్తుంది. మిగిలినది కాదని మనకు తెలుసు. అతను ఆ మాట తనకు తానే ఇంకా ఒప్పుకోలేదనీ తెలుసు. ముగింపు తెలియని పాఠకుడికి అది ఉత్త కంచం.

కథ ముందే తెలిస్తే మజా పోతుందన్నది అంత ఖాయమైన మాట కాదు. 2011లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 12 చిన్న కథలతో పరీక్షించారు. ముగింపు ముందే చెప్పినప్పుడు పాఠకులకు కథలు కాస్త ఎక్కువే నచ్చాయి. తర్వాత వేరేవాళ్లు చేసిన వాటిలో కొన్ని దీనికి ఉల్టాగా తేల్చాయి, అదీ చెప్పాలి. పైగా ఆ పన్నెండూ రొమాన్స్ కథలు కావు. నా మటుకు నాకు, అలాంటి కంచాలు రెండోసారి చదివినప్పుడే కనబడ్డాయి.

కాంట్రాక్ట్ కథల్లోనూ చెత్త ఉంది. ఒప్పందం ఎందుకు చేసుకున్నారో నమ్మకం కుదరకపోతే మొత్తం కూలిపోతుంది. వీలునామాలో తాతగారు పెట్టిన వింత షరతులు నేను ఎన్ని చదివానో లెక్కలేదు.

చిన్ననాటి స్నేహితులు ప్రేమికులయ్యే కథలు హాయిగా ఉంటాయి, నాకు మధ్యలో నిద్ర వస్తుంది. విడిపోయిన జంట మళ్లీ కలిసే కథలు కొంత వయసు వచ్చాక చదవండి. ముగింపు వదిలేసే ప్రేమకథలు మంచివే కావచ్చు గానీ, ఈ పోటీలో లేవు.

మొదటి పుస్తకమైతే కాంట్రాక్ట్ పెళ్లే తీసుకోండి. నేను ఇప్పుడు చదువుతున్నదీ అదే. గడువు ఆరు నెలలు, అయిదో నెల నడుస్తోంది. అతని చొక్కాకు ఊడిన గుండీ కుడుతూ ఆమె కూర్చుంది, షరతుల్లో ఈ పని లేదన్నది ఇంకా తట్టలేదు.