మొక్కల లైటుకు విడి డ్రైవరా, బోర్డు మీది డ్రైవరా?

మొక్కలు పెంచే ఎల్ఈడీ లైటులో, మెయిన్స్ కరెంటును ఎల్ఈడీలకు తగినట్టు మార్చి ఇచ్చే భాగమే డ్రైవర్. ఎల్ఈడీలకు 200 వాట్లు అందాలనుకుందాం. 94 శాతం సామర్థ్యమున్న విడి స్విచింగ్ డ్రైవర్ (కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ మార్చే రకం) మెయిన్స్ నుంచి దాదాపు 213 వాట్లు లాగుతుంది. బోర్డు మీదే చిప్‌లు అతికించిన లీనియర్ డ్రైవర్ 88 శాతం దగ్గర పనిచేస్తే 227 వాట్లు కావాలి. తేడా 14 వాట్లేగా అనిపిస్తుంది. కానీ మొక్కల లైటు రోజుకు 18 గంటలు వెలుగుతుంది. ఏడాదికి 90 యూనిట్లు దాటిపోతాయి.

డ్రైవర్‌లో వృథా అయ్యే వాట్లన్నీ వేడిగా మారతాయి. అసలు చిక్కు ఆ వేడి ఎక్కడ పుడుతుందన్నది. లీనియర్ చిప్ మిగులు వోల్టేజీని తనలోనే వేడిగా కరిగిస్తుంది. మెయిన్స్ వోల్టేజీ పెరిగితే ఆ వేడీ పెరుగుతుంది. పైగా చిప్, ఎల్ఈడీలు ఉండేది ఒకే అల్యూమినియం పలక మీద. పలక కాలేకొద్దీ ఎల్ఈడీల వెలుగు తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. అంటే డ్రైవర్ నష్టం ఒక్కటే లెక్కేస్తే సరిపోదు. విడి డ్రైవర్‌నైతే మొక్కలు పెంచే టెంట్ బయట వేలాడదీయొచ్చు, వేడి బయటే పోతుంది. తీగ మాత్రం మరీ సన్నగా, పొడుగ్గా ఉండకూడదు.

విడి డ్రైవర్‌కూ ఒక షరతుంది: పెట్టె మీది సామర్థ్యం నిండు లోడుకు చెప్పింది. బాగా డిమ్ చేస్తే అది పడిపోతుంది, కాబట్టి అవసరానికి మించి పెద్దది కొనకండి.

బోర్డు డ్రైవర్ చవక, తేలిక. నారు పెంచే చిన్న అరకు నేనూ అదే చాలంటాను. గంటల తరబడి వెలిగే పెద్ద లైటుకైతే విడి డ్రైవరే తీసుకోండి. అది పాడైనా దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.