ఊటీ బొటానికల్ గార్డెన్ ప్యాకేజీ కొనేవాళ్లకి: ఈ-పాస్‌కి పైసా కట్టకండి

ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి బయటి బండి వెళ్లాలంటే కావాల్సిన ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, ఉచితం. పైగా అది మనిషికి ఇచ్చేది కాదు, బండికి ఇచ్చేది. ఈ రెండు ముక్కలు తెలియక మేం తలకి 300 చొప్పున నలుగురికి 1,200 రూపాయలు కట్టాం. ఆ డబ్బు పోతే పోయింది. మా అమ్మ ఏళ్ల తరబడి చూడాలనుకున్న తోటలో ముప్పావు గంట మాత్రమే ఉండగలిగింది, నాకు అదే కడుపుమంటగా ఉంది.

మాది కడియం పక్క ఊరు. అమ్మ చిన్నప్పటి నుంచి నర్సరీల్లోనే పని చేసింది. గులాబీ అంటు కడితే బతకాల్సిందే అని మా వైపు ఆవిడ చేతికి పేరు. 1848లో మొదలైన తోట, అక్కడి అద్దాల ఇంట్లో మనకి రాని చలిదేశపు మొక్కలు పెంచుతారట అని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి ఒక్కసారి చూపించరా అని అడుగుతూనే ఉంది. పోయిన జూన్ మొదటి వారంలో అమ్మ, నేను, మా ఆవిడ, పాప బయల్దేరాం. రాజమండ్రిలో బొకారో రైలు ఎక్కి కోయంబత్తూరులో దిగితే అక్కడి నుంచి కారు, హోటలు, గార్డెన్ టికెట్లు, ఈ-పాస్ అన్నీ తమవే అని ఒక ట్రావెల్స్ వాళ్లు 26,000 తీసుకున్నారు. కాగితం మీద "ఫ్లవర్ షో స్పెషల్" అని పెద్దక్షరాలతో వేశారు.

మొదటి అబద్ధం అదేనండి. ఆ తోటలో ఫ్లవర్ షో ఏటా మే నెలలో జరుగుతుంది. మేం వెళ్లేసరికి ఎప్పుడో అయిపోయింది. తమిళనాడు ఉద్యానశాఖ తేదీలు ముందే ప్రకటిస్తుంది, డబ్బు కట్టే ముందు ఒక్కసారి చూసుకోవాల్సింది. చూసుకోలేదు.

రెండోది ఘాటు రోడ్డు మొదట్లో ఉన్న కల్లార్ చెక్‌పోస్టు దగ్గర బయటపడింది. ఈ-పాస్ మీద కోడ్ స్కాన్ చేస్తే వేరే బండి నంబరు వచ్చింది. డ్రైవరు ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేస్తే ఎత్తరు. వెనక వరసగా బండ్లు, ఎండలో అమ్మ. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ పద్ధతి వచ్చింది. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లకే అనుమతి అని పరిమితి కూడా పెట్టారు. అంటే అప్పటికప్పుడు దొరక్కపోతే వెనక్కి తిరగాల్సిందే. వారం మధ్య రోజు కావడంతో మాకు దొరికింది. నేనే రోడ్డు పక్కన నిలబడి, ఫోన్ నంబరు, బండి నంబరు, ఎంతమందిమి, ఎక్కడ దిగుతున్నాం, ఎప్పుడు వెళ్లిపోతాం అన్నీ ఫోన్లో ఈ-పాస్ పేజీ తెరిచి నింపాను. రూపాయి అడగలేదు. ఆ పేజీ తెరుచుకోక, సిగ్నల్ రాక, మొత్తం మీద రెండు గంటలు అక్కడే పోయాయి.

ఘాటు ఎక్కి, కూనూరు దాటి, తోట గేటు దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. "నలభై నిమిషాల్లో వచ్చేయండి, రేపటి ప్రోగ్రాంలో ఇది లేదు" అన్నాడు డ్రైవరు.

ఆ తోట ఎంతుంటుందో ముందే చెప్తాను, నాలాగా మోసపోకండి. 22 హెక్టార్లు, అంటే దాదాపు 55 ఎకరాలు. దొడ్డబెట్ట కొండ వాలు మీద మెట్లుమెట్లుగా పైకి పోతుంది. మొదట్లో అక్కడి తెల్లవాళ్లు నెలకి తలా మూడు రూపాయలు వేసుకుని కూరగాయలు పండించుకున్న నేల అది. తర్వాత విలియం గ్రాహం మెకైవర్ అనే తోటమాలి దాన్ని ఈ రూపానికి తెచ్చాడు. గేటు దగ్గర కనిపించే పచ్చిక, పూల మడులు కింది భాగం మాత్రమే. రెండు కోట్ల ఏళ్ల నాటిదని చెప్పే రాయిగా మారిన చెట్టు మాను, కోతికి కూడా ఎక్కడం చేతకాదని చెప్పే ముళ్లాకుల చెట్టు, పై అంచున తోడా అనే అక్కడి గిరిజనుల గుడిసె, ఇవన్నీ లోపలికి, పైకి నడిచేవాళ్లకే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే కూర్చుంటూ లేస్తూ మూడు నాలుగు గంటలు కావాలి.

అమ్మ అద్దాల ఇల్లు దాటి కదల్లేదు. ఒక్కో కుండీ దగ్గర ఆగి మట్టి వేలితో నలిపి చూసింది. "ఆకుమట్టి బాగా చివికిందిరా, మనం పీచు ఎక్కువ కలుపుతున్నాం" అంది. అక్కడ పనిచేసే ఒకావిడతో భాష రాకపోయినా చేతులతో ఏదో మాట్లాడుకుంది. అంతలో డ్రైవరు ఫోన్లు. రాయి చెట్టు చూడలేదు. పైకి ఎక్కనే లేదు.

కాబట్టి ప్యాకేజీ మాట్లాడేటప్పుడు "బొటానికల్ గార్డెన్ ఉంది" అంటే సరిపోదండి. ఏ పూట, ఎన్ని గంటలు అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. పొద్దున తెరవగానే వెళ్లేలా పెట్టించుకుంటే మంచిది, జూన్‌లో మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంటే ఆ వాలు జారుతుంది. రోజ్ గార్డెన్ వేరే చోట, వేరే టికెట్. రెండూ ఒకటే అని చెప్పేవాళ్లని నమ్మకండి. టికెట్ గేటు దగ్గర కౌంటర్లోనే కొనుక్కోవచ్చు. అసలు ఈ-పాస్ గొడవే వద్దనుకుంటే కొండ కింది ఊరు మెట్టుపాలయం నుంచి ప్రభుత్వ బస్సులోనో కొండ రైల్లోనో వెళ్లొచ్చు, వాటిలో ఎక్కేవాళ్లకి పాస్ అక్కర్లేదు. పైన తిరగడానికి అక్కడి ఆటోలున్నాయి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు చెక్‌పోస్టు దగ్గర తీసేయిస్తారు, ఇంటి నుంచి స్టీలువి పట్టుకెళ్లండి.

నేను తీసుకున్న పాస్, వాళ్లిచ్చిన తప్పుడు పాస్ పక్కపక్కన పెట్టి పంపితే పది రోజులకి 1,200 వెనక్కి వేశారు. ఫ్లవర్ షో గురించి అడిగితే ఇప్పటికీ జవాబు లేదు.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు కట్టేసి ఉంటే ఇవాళే ఫోన్ చేసి, మిమ్మల్ని ఎక్కించుకునే బండి నంబరు, ఆ నంబరుతో తీసిన పాస్ రెండూ అడగండి. పంపించలేకపోతే పాస్ మీరే తీసుకోండి.