తొలి టెలిస్కోపు కొనేవారికి హెచ్చరిక: పెట్టె మీది '525 రెట్లు' నమ్మి డబ్బు కట్టకండి

విజయవాడ, గుంటూరు పరిసరాల్లో కొత్తగా ఆకాశ పరిశీలన మొదలుపెడుతున్న వారందరికీ స్వాగతం. వచ్చీ రాగానే హెచ్చరికతో పలకరించడం మర్యాద కాదని తెలుసు. అయినా ఈ సంగతి చెప్పడం ఆలస్యమైతే ఇంకొందరి డబ్బు పోతుంది. డబ్బు సంగతి అటుంచి, ఆ పెట్టెలో వస్తున్న ఒక చిన్న గాజుబిళ్ల వల్ల ఎవరికైనా చూపే పోవచ్చు.

మా ఆకాశ పరిశీలకుల బృందంలో ఎవరైనా కొత్తగా చేరి, టెలిస్కోపు కొనాలని ఉందని, ఏది మంచిదో చెప్పమని అడిగిన రోజే విజయవాడలో దుకాణం ఉన్న ఒక వ్యాపారి నుంచి వారి ఫోనుకు విడిగా సందేశం వస్తోంది. మాటతీరు ఎంతో మర్యాదగా ఉంటుంది. తానూ ఆకాశం చూసేవాడినేనని, కొత్తవారికి సాయపడటమే తన ఉద్దేశమని, 'బిగినర్ కిట్' ఒక్కటే మిగిలి ఉందని, సాయంత్రంలోగా డబ్బు వేస్తే పక్కన పెట్టి ఉంచుతానని చెబుతారు. ఒక్కటే మిగిలి ఉన్న ఆ కిట్టు నాకు తెలిసినంతలోనే నాలుగిళ్లకు చేరింది. అందులో ఒకటి గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావగారిల్లు. పదో తరగతి చదువుతున్న మా మేనల్లుడి కోసం ఆయన పద్నాలుగున్నర వేలు కట్టి తెప్పించారు. పెట్టె విప్పిన నాటి నుంచి వాపసు కోసం జరిగిన వాదనల వరకు నేను దగ్గరే ఉన్నాను కనుక, ఇక్కడ రాస్తున్నదంతా కళ్లారా చూసినదే.

డబ్బు కట్టకముందు ఆ వ్యాపారి ఒక వీడియో పంపారు. దుకాణం మేడ మీద నుంచి పట్టపగలు ఇంద్రకీలాద్రి మీది గోపురాన్ని టెలిస్కోపులో చూపించిన వీడియో అది. గోపురం మీది బొమ్మలు ఒక్కొక్కటీ విడివిడిగా, చక్కగా కనిపిస్తాయి. ఆ వీడియోలో అబద్ధమేమీ లేదు. మంచి ఎండలో, కదలకుండా ఉన్న పెద్ద వస్తువును, తక్కువ ఆవర్ధనంతో (వస్తువును ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో ఆ అంకె) చూస్తే ఎంత నాసిరకం టెలిస్కోపైనా అలాగే చూపిస్తుంది. రాత్రి మనం చూడబోయే గ్రహాలు చాలా చిన్నవి, నీహారికలు (అంతరిక్షంలోని వాయుధూళి మేఘాలు) చాలా మసకవి, పైగా అన్నీ నిరంతరం జరిగిపోతూ ఉంటాయి. కాబట్టి పగలు చూపించిన వీడియోను బట్టి రాత్రి పనితనాన్ని అంచనా వేయడం కుదరదు. ఆ వ్యాపారి రాత్రి తీసిన వీడియో ఏదీ పంపలేదు. అడిగితే మబ్బు పట్టిందన్నారు.

ఇక పెట్టె సంగతి. పైన శని గ్రహం, ఓరియన్ నీహారిక నిండు రంగుల్లో మెరిసిపోతున్నాయి. అవి 2.4 మీటర్ల అద్దంతో వాతావరణానికి ఆవల తిరుగుతున్న హబుల్ టెలిస్కోపు తీసిన ఫోటోలు. పెట్టెలో ఉన్నదేమో 76 మిల్లీమీటర్ల అద్దం. ఓరియన్ నీహారికను మామూలు చిన్న టెలిస్కోపులో కంటితో చూస్తే బూడిదరంగు మసకగానే కనిపిస్తుంది, ఎందుకంటే మసక వెలుతురులో మన కన్ను రంగులను పట్టుకోలేదు. ఆ మసకను చూడటంలోనూ గొప్ప ఆనందం ఉంది, కానీ పెట్టె మీది బొమ్మ చూసి కొన్న పిల్లవాడికి మొదటి రాత్రే ఉత్సాహం నీరుగారిపోతుంది.

బొమ్మల కన్నా పెద్ద మాయ ఆ పక్కనే పెద్ద అక్షరాలతో ఉన్న '525 రెట్లు' అన్న మాట. ఆ అంకె ఎలా పుట్టిందో చూడండి. ఈ టెలిస్కోపు నాభ్యంతరం, అంటే అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసేదాకా ఉండే దూరం, 700 మిల్లీమీటర్లు. దాన్ని 4 మిల్లీమీటర్ల ఐపీసుతో (కంటి దగ్గర పెట్టుకుని చూసే చిన్న కటకం) భాగిస్తే 175 రెట్ల ఆవర్ధనం వస్తుంది. మధ్యలో మూడు రెట్లు చేసే బార్లో కటకం పెడితే 525. లెక్క తప్పు కాదు, కాగితం మీద సరిపోతుంది. కానీ ఏ టెలిస్కోపైనా పనికొచ్చేలా చూపించగల ఆవర్ధనం దాని అద్దం లేదా కటకం వ్యాసాన్ని బట్టి ఉంటుంది. మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున వేసుకోవడం పరిశీలకుల వాడుక. 76 మిల్లీమీటర్లకు ఆ లెక్కన 152 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న మంచి రాత్రుల్లో. అంతకు మించి పెంచితే బొమ్మ పెద్దదవుతుంది గాని కొత్త వివరమేదీ కనిపించదు, పైగా వెలుగు పలచబడిపోతుంది. కిట్టులోని 20 మిల్లీమీటర్ల ఐపీసు ఇచ్చే 35 రెట్ల నుంచి 525 రెట్లకు వెళితే గ్రహబింబం వెలుగు 225వ వంతుకు పడిపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండాకాలంలో డాబా స్లాబు పగలంతా కాగి, అర్ధరాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి గుండా చూస్తే ఎంత ఖరీదైన టెలిస్కోపులోనైనా గురుగ్రహం అంచులు వణుకుతూనే కనిపిస్తాయి. కాబట్టి వందల రెట్లని ఊరించే అంకె ఏ పెట్టె మీద కనిపించినా, ముందుగా అద్దం వ్యాసం ఎంతో అడగండి.

న్యాయం చెప్పాలంటే, 20 మిల్లీమీటర్ల ఐపీసుతో, అంటే 35 రెట్లతో, చంద్రుడు బాగానే కనిపించాడు. వెలుగునీడల సరిహద్దు వెంట గుంటలు స్పష్టంగా ఉన్నాయి, మేనల్లుడు సంబరపడ్డాడు. గురుగ్రహం పక్కన నాలుగు ఉపగ్రహాలు కూడా చుక్కలుగా దొరికాయి. అయిదారు వేల వస్తువని చెప్పి ఇచ్చి ఉంటే ఈ హెచ్చరికలో సగం రాయవలసిన అవసరం ఉండేది కాదు. 4 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టగానే మొదలైంది అసలు బాధ. దాని కటకం పెసరగింజంత ఉంటుంది, కంటిని దాదాపు ఆనించి చూడాలి, రెప్ప కొట్టినా తగులుతుంది. స్టాండు సన్నని అల్యూమినియం రేకుతో చేసినది కావడంతో ఫోకసు మర మీద వేలు పెట్టగానే గొట్టమంతా ఊగిపోయి, ఆ ఊపు ఆగేలోపు గ్రహం పక్కకు జారిపోయేది. భూమి తిరుగుడు వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. బార్లో కూడా బిగించి 525 రెట్లు చేస్తే, గ్రహం ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై సెకన్లలోపే దాటిపోతుంది. అంతలో దాన్ని వెతికి పట్టుకుని ఫోకసు చేయడం ఊగే స్టాండు మీద ఎవరి తరమూ కాదు. బార్లో కటకం ప్లాస్టిక్‌ది. గొట్టం అడుగున అద్దాన్ని సర్దుకునేందుకు ఉండవలసిన మరలు లేనేలేవు, పైనున్న చిన్న అద్దమేమో వంకరగా అతికించి ఉంది. అంటే ఫ్యాక్టరీలో జరిగిన తప్పును ఇంట్లో సరిదిద్దుకునే దారి కూడా లేదన్నమాట.

అసలు భయపడవలసింది ఇప్పుడు చెప్పబోయే వస్తువు గురించి. కిట్టులో చిన్న డబ్బీలో ముదురు ఆకుపచ్చ గాజుబిళ్ల ఒకటుంది. ఇనుప చట్రం మీద 'సన్' అని చెక్కి ఉంది. దాన్ని ఐపీసు అడుగున మరలాగా తిప్పి బిగించి సూర్యుణ్ణి చూడవచ్చని వ్యాపారి సందేశంలో రాశారు, స్కూలు ప్రాజెక్టుకు పనికొస్తుందని కూడా అన్నారు. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు, పిల్లల చేత చేయించవద్దు. పూర్తిగా విచ్చుకున్న కంటిపాపతో పోల్చినా 76 మిల్లీమీటర్ల అద్దం వంద రెట్లకు పైగా వెలుగును పోగుచేస్తుంది. ఆ వెలుగూ వేడీ అంతా చిన్న చోటికి చేరే దగ్గరే ఈ గాజుబిళ్ల ఉంటుంది. అది వేడెక్కి ఉన్నట్టుండి పగిలితే, తల తిప్పుకునేంత వ్యవధి కూడా ఇవ్వకుండా సూర్యకాంతి నేరుగా కంట్లోకి వెళుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కనుక కాలిన సంగతి కూడా వెంటనే తెలియదు. ఆ నష్టానికి పూర్తి చికిత్స కూడా లేదు. సూర్యుణ్ణి చూసే ఫిల్టరు ఎప్పుడూ టెలిస్కోపు ముందు భాగాన, గొట్టం నోటినంతా కప్పుతూ, గాలికి ఊడిపోకుండా గట్టిగా ఉండాలి. వెలుగు అద్దాన్ని చేరకముందే తగ్గిపోవాలి. గ్రహణాలప్పుడు పంచే అట్టముక్కల కళ్లద్దాలు పెట్టుకుని టెలిస్కోపులోకి చూడటమూ అంతే ప్రమాదం, అవి ఉత్త కంటితో చూడటానికి మాత్రమే. 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న మన దగ్గర పాక్షిక సూర్యగ్రహణాలు కనిపించాయి. మళ్లీ అలాంటి వార్త రాగానే అటక మీది కిట్లలోంచి మొదట బయటకు వచ్చేది ఈ గాజుబిళ్లే. మా అక్క ఇంట్లో ఉన్నదాన్ని సుత్తితో కొట్టి, ముక్కలు కాగితంలో చుట్టి చెత్తలో వేశాము. ఇప్పటికే ఈ కిట్టు కొన్నవారు మిగతా గొడవ తర్వాత చూసుకోవచ్చు, ఈ ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. సాక్ష్యం కావాలంటే ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

మరి ఏం కొనాలి అంటే, తొందరపడి ఏదీ కొననవసరం లేదన్నదే నా అభిప్రాయం. 7×50 లేదా 10×50 బైనాక్యులర్లు (7 లేదా 10 రెట్లు పెద్దదిగా చూపేవి, 50 మిల్లీమీటర్ల కటకాలున్నవి) ఉంటే కృత్తికలు, చంద్రుడి గుంటలు, చేయి కదలకుండా ఆనించుకుంటే గురుగ్రహ ఉపగ్రహాలు కూడా దొరుకుతాయి. మనం ఉన్నది 16న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం కావడం కూడా ఒక అదృష్టమే. ఐరోపాలో చాలా చోట్ల క్షితిజం దాటి పైకి రాని ఒమెగా సెంటారి నక్షత్ర గుచ్ఛం మే నెల రాత్రుల్లో మనకు దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, ఊరి దీపాలు దాటి అమరావతి వైపు వెళితే బైనాక్యులర్లలో గుండ్రని మసకగా తెలుస్తుంది. టెలిస్కోపే కావాలనుకునేవారు ఎక్కువ రెట్ల కోసం కాక, పెద్ద అద్దం కోసం, కదలని పీఠం కోసం డబ్బు పెట్టాలి. చెక్క పెట్టెలాంటి పీఠం మీద తిరిగే 6 అంగుళాల డాబ్సోనియన్ ఇప్పటికీ కొత్తవారికి నేను ముందుగా చెప్పే మాట. ఖరీదు ఎక్కువే, కానీ ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఈక్వటోరియల్ మౌంటు (ధ్రువతార వైపు గురిపెట్టి, ఆకాశంతో పాటు తిప్పుకునే పీఠం) కొనేవారు అది మన అక్షాంశానికి, అంటే 16న్నర డిగ్రీలకు, దిగుతుందో లేదో తప్పక అడగాలి. ధ్రువతార మనకు అంత కిందుగా ఉంటుంది. ఐపీసు గొట్టం వ్యాసం 1.25 అంగుళాలు ఉండేలా కూడా చూసుకోండి. పాత 0.965 అంగుళాల కొలతవి వస్తే వాటికి మంచి ఐపీసులు దొరకడం కష్టం. ఏది కొనబోతున్నా ముందు బృందంలోని వారి పరికరాల్లో ఒక రాత్రి చూసి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి. చూడటానికి రుసుమేమీ లేదు, ఎవరూ ఏమీ అమ్మరు.

వాపసు విషయానికి వస్తే, వ్యాపారి ఇచ్చింది జీఎస్టీ నంబరు లేని కచ్చా బిల్లు. దాని కింద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని రబ్బరు ముద్ర. పెట్టె మీద దిగుమతిదారు పేరు గాని, చిరునామా గాని, ఎమ్మార్పీ గాని లేవు. ఆ ముద్ర చూసి చాలామంది అక్కడితో ఊరుకుంటారు. అక్కర్లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు నాణ్యత గురించి తప్పుగా చెప్పి అమ్మడం, బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోవడానికి నిరాకరించడం, ఇవన్నీ అనుచిత వ్యాపార పద్ధతుల కిందకే వస్తాయి. 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్లవచ్చు. కొన్నవారు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు, అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. వ్యాపారి పంపిన సందేశాలు, ఆ గోపురం వీడియో, డబ్బు చెల్లించిన రసీదు, పెట్టె నాలుగు వైపుల ఫోటోలు జాగ్రత్తగా దాచిపెట్టండి. సందేశాలను అవతలివారు చెరిపేసే వీలుంటుంది కనుక ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోవడం మేలు.

బావగారు 1915కు ఫోను చేసిన తర్వాత వ్యాపారి గొంతు మారింది. డబ్బు తిరిగి ఇవ్వలేనని, కావాలంటే ఇంకో ఆరు వేలు వేస్తే 'పై మోడల్' ఇస్తానని అన్నారు. ఆ పై మోడల్ వివరాలు నేను అడిగి తెప్పించుకున్నాను. అద్దం 114 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 1000 మిల్లీమీటర్లు, గొట్టం పొడవు మాత్రం అర మీటరు. మామూలు న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే) టెలిస్కోపులో గొట్టం పొడవు దాదాపు నాభ్యంతరమంత ఉండాలి. సగానికి తగ్గిందంటే లోపల ఎక్కడో ఒక చిన్న కటకం పెట్టి నాభ్యంతరాన్ని సాగదీశారని అర్థం. బర్డ్-జోన్స్ అనే ఈ ఏర్పాటులో అద్దాలను వరుసలో సర్దడం అనుభవమున్న వారికే తలనొప్పి, చవక రకాల్లో బొమ్మ ఎప్పటికీ పదునుగా రాదు. ఆ మార్పిడికి బావగారు ఒప్పుకోలేదు. ఫిర్యాదు నడుస్తోంది. ఇదే కిట్టు కొన్న మిగతా మూడిళ్లవారు కూడా తమ బిల్లులతో ముందుకు వస్తే నలుగురం ఎవరి ఫిర్యాదు వారు ఒకే వారంలో వేద్దామనుకుంటున్నాము. ఆ వ్యాపారి నుంచి '525 రెట్లు' సందేశం అందుకున్నవారు, కొన్నా కొనకపోయినా, ఆ సందేశాన్ని చెరిపేయకుండా ఉంచి నాకు తెలియజేయండి.