ఇకితోస్‌కు ఎలా వెళ్తే మేలు: విమానంలోనా, లాంచీలోనా?

పెరూ దేశానికి ఈశాన్య మూలన, అమెజాన్ అడవి నడుమ ఇకితోస్ ఉంది. నాలుగు లక్షలకు పైబడిన జనం, విమానాశ్రయం, విశ్వవిద్యాలయం, బ్యాంకులు, రోజంతా ఆగని మోటారుబళ్ల రొద, అన్నీ ఉన్న ఊరు. బయటి ఊళ్లతో కలిపే రోడ్డు మాత్రం లేదు. ప్రపంచంలో రోడ్డుదారి లేని ఊళ్లన్నిటిలో ఇదే పెద్దదని చెబుతారు. ఊరి నుంచి బయల్దేరే పొడవాటి రోడ్డు ఒకటుంది గానీ, అది సుమారు 100 కిలోమీటర్లు పోయి నౌటా అనే రేవు దగ్గర ఆగిపోతుంది. అక్కడ మళ్లీ నదే.

మాచు పిచ్చు చూడబోయి, పనిలో పనిగా అడవి కూడా చూద్దామనుకునేవాళ్లు ఎక్కువమంది రాజధాని లిమాలో విమానం ఎక్కి రెండు గంటల్లో ఇకితోస్‌లో దిగుతారు. అందులో తప్పేమీ లేదు. కానీ సెలవు పది పన్నెండు రోజులైనా ఉండి, నడుమూ మోకాళ్లూ సహకరిస్తే, వెళ్లేటప్పుడు యూరిమాగ్వాస్ అనే రేవు ఊరి నుంచి లాంచీలో వెళ్లి, వచ్చేటప్పుడు విమానంలో రమ్మంటాను.

ముందు విమానం సంగతి. దాని బలం సమయం ఆదా ఒక్కటే కాదు. కిటికీ పక్క సీటు దొరికి, మబ్బు లేకపోతే, నది ఎన్ని మెలికలు తిరుగుతుందో, పాత మెలికలు తెగిపోయి చంద్రవంక చెరువులుగా ఎలా మిగిలాయో పైనుంచి కనిపించినంత బాగా పడవలోంచి ఎప్పటికీ కనిపించదు. ఇక్కడికి రోడ్డు ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమవుతుంది. నదులు చోటు మార్చుకుంటూ తిరిగే మెత్తటి నేల ఇది. ఇకితోస్ ఊరి ముందున్న అమెజాన్ పాయే కొన్ని దశాబ్దాల కిందట పక్కకు జరిగిపోయింది. ఇప్పుడు ఒడ్డు వీధిలో నిలబడి చూస్తే ఎదురుగా పారేది ఇతాయా అనే చిన్న నది. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో, గుండెజబ్బో షుగరో ఉన్నవాళ్లతో వెళ్తుంటే ఇంకో ఆలోచన వద్దు, విమానమే. లాంచీలో డాక్టరు ఉంటాడని అనుకోవద్దు.

అయితే విమానంలో దిగినవాళ్లకు ఆ ఊరు సగమే అర్థమవుతుంది. ఒడ్డు వీధిలో పోర్చుగల్ రంగుల పలకలు అతికించిన మేడలు, ప్రధాన కూడలిలో యూరప్ నుంచి తెచ్చి బిగించిన ఇనుప రేకుల ఇల్లు కనిపిస్తాయి. 1880ల నుంచి 1912 ప్రాంతం దాకా సాగిన రబ్బరు వ్యాపారం కట్టించినవి అవి. ఆ పలకలూ ఆ ఇనుమూ అట్లాంటిక్ నుంచి 3,000 కిలోమీటర్లకు పైగా నదికి ఎదురెక్కి వచ్చాయి. 1910లో బ్రిటిష్ దౌత్యాధికారి రోజర్ కేస్‌మెంట్ కూడా ఆ నది మీదే వచ్చి, పుతుమాయో ప్రాంతంలో రబ్బరు కంపెనీ చేతిలో ఉయితోతో, బోరా తెగల మనుషులు పడ్డ చిత్రహింసలను నమోదు చేశాడు. రోజుల తరబడి నీటిమీద ప్రయాణించి వచ్చినవాళ్లకు ఆ దూరం, ఆ ఒంటరితనం ఒంటికి తెలుస్తాయి. లోపల జరిగేది బయటివాళ్లకు తెలియడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో కూడా తెలుస్తుంది.

ఇక లాంచీ. లిమా నుంచి తరపోతో అనే ఊరికి విమానంలో గంటకు కాస్త పైన. అక్కడి నుంచి యూరిమాగ్వాస్ సుమారు 130 కిలోమీటర్లు, కొండ మలుపుల దారి, షేర్ కారులో రెండున్నర మూడు గంటలు. వాంతుల మాత్ర వేసుకుని ఎక్కండి. యూరిమాగ్వాస్ వాయాగా నది మీది రేవు. లాంచీ అంటే పాపికొండల పడవను ఊహించుకోవద్దు. రెండు మూడు అంతస్తుల ఇనుప ఓడ. కింద సిమెంటు బస్తాలు, బీరు పెట్టెలు, కోళ్లు, మోటారుసైకిళ్లు. పైన వరసగా, పడుకోవడానికి కట్టుకునే ఉయ్యాలలు (హామక్‌లు). మీ ఉయ్యాల మీరే కొనుక్కోవాలి, రేవు బజార్లో తాళ్లతో సహా దొరుకుతుంది. ఇంజనుకూ మరుగుదొడ్లకూ దూరంగా, ట్యూబులైటు నెత్తిమీద పడని చోట, పై అంతస్తులో కట్టుకోవాలి. అందుకే తొందరగా ఎక్కడం ముఖ్యం.

బయల్దేరే వేళ బోర్డు మీద రాసి ఉంటుంది గానీ సరుకు నిండేదాకా లాంచీ కదలదు. ఇవాళ అన్నది రేపు కావచ్చు. కదిలాక ఇకితోస్ చేరడానికి రెండున్నర నుంచి మూడు రోజులు. టికెట్టులోనే భోజనం ఉంటుంది: అన్నం, అరటికాయ, కోడికూర, పొద్దున జావ. గిన్నె, చెంచా మీవి. శాకాహారులకు అన్నమూ అరటికాయే దిక్కు కాబట్టి కందిపొడి, అటుకులు సంచిలో ఉంటే ప్రాణం నిలుస్తుంది. స్నానానికి వచ్చేది నది నీళ్లే, వంటకూ చాలాసార్లు అవే. తాగే నీళ్లు సరిపడా మోసుకెళ్లాలి. రాత్రి రేవుల్లో ఆగినప్పుడు సంచికి తాళం వేసి, పాస్‌పోర్టు ఒంటిమీదే ఉంచుకోండి. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో ఎక్కగానే చూసుకోండి. 2019 కచ్చులూరు తరవాత మనకు ఈ మాట ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఇన్ని ఇబ్బందులు చెప్పి కూడా దీన్నే ఎందుకు మేలంటున్నానంటే, ఈ లాంచీ పర్యాటకుల కోసం నడిచేది కాదు. దారిలో పల్లెలకు ఉప్పు, డీజిల్, బడిపుస్తకం, మందులు ఇందులోనే వస్తాయి. అరటిగెలలు, చేపలు ఇందులోనే పోతాయి. అర్ధరాత్రి సరంగు సెర్చిలైటు ఒడ్డు మీద తిప్పుతుంటే, దీపం కూడా లేని గట్టు మీద పది కుటుంబాలు మూటలతో నిలబడి ఉంటాయి. పగలు ఆడవాళ్లు చిన్న పడవల్లో వచ్చి, ఆకుల్లో కట్టి ఉడికించిన కోడి అన్నం, హువానె, అమ్ముకుని వెళ్తారు. లగూనాస్ రేవు వస్తుంది. 20,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన పకాయా సమీరియా అభయారణ్యంలోకి వెళ్లేవాళ్లలో చాలామంది అక్కడ దిగుతారు. తరవాత వాయాగా వెళ్లి మరాన్యోన్‌లో కలుస్తుంది. నౌటా దగ్గర మరాన్యోన్, ఉకయాలి కలిసినచోట నుంచి నదిని అమెజాన్ అంటారు. ఆ సంగమం దగ్గర గులాబీ రంగు డాల్ఫిన్లు తేలడం కనిపిస్తుంది. పక్క ఉయ్యాలలో ఉన్న కుటుంబంతో స్పానిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడగలిగితే ఈ ప్రయాణం విలువ రెట్టింపవుతుంది.

డబ్బు మిగులుతుందని మాత్రం లాంచీ ఎక్కవద్దు. లాంచీ టికెట్టు చవకే. కానీ తరపోతో విమానం, కారు, ఉయ్యాల, రేవులో ఒక రాత్రి బస కలిపితే లిమా–ఇకితోస్ టికెట్టుకు పెద్ద తేడా ఉండదు.

యూరిమాగ్వాస్ నుంచి నౌటాకు పగటిపూట నడిచే వేగపు పడవలు ఉన్నాయి. సీటులో ఇరుక్కుని, ఇంజను హోరులో వెళ్లాలి. అందులో విమానం సుఖమూ ఉండదు, లాంచీ జీవితమూ కనపడదు. నేనైతే సిఫారసు చెయ్యను.

పుకాల్పా అనే ఊరి నుంచి ఉకయాలి నది మీదుగా వచ్చే దారి ఇంకా పొడవు, నాలుగైదు రోజులు. లిమా నుంచి పుకాల్పాకు బస్సు ఆండీస్‌ను 4,800 మీటర్ల పైచిలుకు ఎత్తున దాటుతుంది. వానల్లో కొండచరియలు విరిగిపడితే గంటల తరబడి ఆగిపోతుంది. షిపీబో తెగ నేతపనీ కుండల మీది చిత్రాలూ ఇష్టమైనవాళ్లు పుకాల్పాకు విమానంలో వెళ్లి, యారినకోచా చెరువు ఒడ్డున రెండు రోజులుండి రావచ్చు. లాంచీకి మాత్రం యూరిమాగ్వాసే నయం.

కొలంబియా చూసి వస్తున్నవాళ్లకు మూడో దారి ఉంది. బొగోటా నుంచి విమానంలో లెతీసియా, అక్కడ నది దాటితే పెరూ వైపు సాంతా రోసా. అక్కడి నుంచి ఇకితోస్‌కు వేగపు పడవలూ, నెమ్మది లాంచీలూ ఎగువకు వస్తాయి. పడవలు తెల్లవారకముందే కదులుతాయి కాబట్టి కొలంబియా వదిలే ముద్ర, పెరూలో అడుగుపెట్టే ముద్ర ముందురోజే వేయించుకోవాలి. ఒక విషయంలో ఈ దారిది పైచేయి. ఎగువకు వెళ్లే లాంచీ నీటి వేగం తప్పించుకోవడానికి ఒడ్డు పక్కనే నడుస్తుంది. చెట్లు, పక్షులు దగ్గరగా కనిపిస్తాయి. ఏటివాలుగా దిగే లాంచీ నడి నదిలో పోతుంది, అడవి దూరాన పచ్చటి గీతగా ఉంటుంది. పక్షుల కోసం వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కాలం మాటకొస్తే, వాన లేని నెలంటూ అక్కడ లేదు. ఏడాదికి పడేది 3,000 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నది నిండుగా ఉంటుంది, ఇకితోస్‌లోని బెలేన్ పేటలో ఇళ్లు నీటిమీద తేలుతాయి. జులై నుంచి అక్టోబరు దాకా నీరు తీసి ఇసుక మేటలు బయటపడతాయి, లాంచీలు ఆలస్యమవుతాయి. లాంచీకైతే మే, జూన్ నెలలు బాగుంటాయి.

ఎలా వెళ్లినా ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి; హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. పెరూ నుంచి ఇండియాకు వచ్చేటప్పుడు ఆ కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం మన విమానాశ్రయ ఆరోగ్య విభాగానికి ఉంది. ఇకితోస్ ఉన్న లొరేతో ప్రాంతంలో మలేరియా ఉంది కాబట్టి మందుల సంగతి డాక్టరుతో మాట్లాడండి. అమెరికా వీసా ఉన్న భారతీయులకు, గడువు కనీసం ఆరు నెలలుంటే, పెరూ వీసా మినహాయింపు ఇస్తోంది. టికెట్టు కొనేముందు రాయబార కార్యాలయంతో సరిచూసుకోండి.

లాంచీని ప్రయాణం మొదట్లోనే పెట్టమనడానికి కారణం కూడా రోజుల లెక్కే. వెళ్లేటప్పుడు ఒక రోజు ఆలస్యమైతే ఇకితోస్‌లో ఒక రోజు తగ్గుతుంది, అంతే. తిరుగు ప్రయాణంలో ఆలస్యమైతే లిమాలో ఎక్కాల్సిన అంతర్జాతీయ విమానమే పోతుంది. లాంచీ చేరాల్సిన రోజుకూ, ఇకితోస్ వదిలే విమానానికీ మధ్య రెండు మూడు రోజులు ఖాళీ ఉంచండి. లిమా చేరాక ఇంకో రాత్రి అక్కడే ఉండేలా చూసుకోండి, వానకు ఇకితోస్ విమానాలూ ఆలస్యమవుతుంటాయి.