యాభై లక్షల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ: ఐఎక్స్1, ఈఎక్స్40, సీలయన్ 7లో ఏది మేలు?

షోరూంలో ముందు రేంజ్ (ఒక్క చార్జ్‌తో వెళ్లే దూరం) చెబుతారు, తర్వాత స్క్రీన్ ఎంత పెద్దదో చూపిస్తారు. ప్రమాదంలో కాపాడేవీ, ఐదేళ్లలో జేబు ఖాళీ చేసేవీ ఆ రెండూ కావు. అందుకే హైదరాబాద్‌లో కొనేవారికి తరచూ ఎదురయ్యే మూడు కార్లను భద్రత, ఖర్చు అనే రెండు లెక్కల్లోనే ఇక్కడ చూద్దాం.

మొదటిది బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్. 2025 జనవరిలో 49 లక్షలకు వచ్చింది. చెన్నైలో బిగిస్తారు. రెండోది బీవైడీ సీలయన్ 7. 2025 ఫిబ్రవరిలో 48.90 లక్షలకు మొదలైంది, పూర్తిగా తయారై దిగుమతి అవుతుంది. మూడోది వోల్వో ఈఎక్స్40. పాత పేరు ఎక్స్‌సీ40 రీచార్జ్. సింగిల్ మోటార్ రకం 2024 మార్చిలో 54.95 లక్షలకు వచ్చింది, బెంగళూరు దగ్గర హోస్కోటెలో బిగిస్తారు. ఇవన్నీ విడుదలనాటి ఎక్స్-షోరూం ధరలు.

స్టార్లు కాదు, తేదీ చూడండి

కార్లను గుద్ది చూసి భద్రతకు మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్‌లో మూడింటికీ ఐదు స్టార్లే. పెద్దల రక్షణ మార్కులు చూస్తే ఈఎక్స్40కి మూలమైన ఎక్స్‌సీ40కి 97 శాతం, సీలయన్ 7కి 87, ఎక్స్1/ఐఎక్స్1కి 86. ఈ వరస చూసి వోల్వో పది మార్కులు పైన ఉందనుకోవడం తప్పు. ఎక్స్‌సీ40 పరీక్ష 2018 నాటిది. 2020లో యూరో ఎన్‌క్యాప్ పరీక్షనే మార్చేసింది: ఒకచోట కదలకుండా ఉండే అడ్డం బదులు ఎదురొచ్చే బండిలా కదులుతూ నలిగే అడ్డాన్ని పెట్టారు. పక్క నుంచి గుద్దినప్పుడు ముందు సీట్లలోని ఇద్దరి తలలూ ఒకదానికొకటి కొట్టుకుంటాయా అన్నదీ కొలవడం మొదలుపెట్టారు. ఐఎక్స్1 2022లో, సీలయన్ 7 2025లో రాసింది ఈ కష్టమైన పేపరు.

వోల్వోకి న్యాయం చేయాలంటే ఈఎక్స్40కి తోబుట్టువైన సీ40 రీచార్జ్ ఫలితం చూడాలి. అదే ప్లాట్‌ఫాం మీద కట్టిన ఆ కారును 2022లో గుద్ది చూశారు: పెద్దలకు 92, పిల్లలకు 89 శాతం. అంటే వోల్వో ఆధిక్యం నిజమే, కానీ పది మార్కులది కాదు, ఐదారు మార్కులది. పిల్లల రక్షణలో మాత్రం సీలయన్ 7 ముందుంది: 93 శాతం. ఐఎక్స్1 ఇక్కడ 89. ఢీకొనకముందే కాపాడే సహాయ వ్యవస్థల మార్కుల్లో ఐఎక్స్1కి 92, సీలయన్ 7కి 79. ఎయిర్‌బ్యాగులు వోల్వోలో 7, బీఎండబ్ల్యూలో 8, బీవైడీలో 11. ఆ సంఖ్య మీద మరీ మోజు పెంచుకోవద్దు. పదకొండున్న కారుకీ, ఎనిమిదున్న కారుకీ పెద్దల రక్షణలో తేడా ఒక్క మార్కే.

ఇంకో మెలిక. యూరప్‌లో పరీక్షించింది మామూలు ఐఎక్స్1ని. మనకు వచ్చేది చక్రాల మధ్య దూరం పెంచిన బండి. పైగా యూరప్‌లో పరీక్షించిన కారులో ఉన్న సహాయ వ్యవస్థలన్నీ ఇక్కడి వేరియంట్‌లో ఉంటాయన్న హామీ లేదు. బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, ముందు బండి వేగాన్ని బట్టి తగ్గే అడాప్టివ్ క్రూజ్, వెనక నుంచి అడ్డంగా వచ్చే బండిని గుర్తించడం: ఈ మూడూ మీ వేరియంట్‌లో ఉన్నాయని కొటేషన్ మీద రాయించుకోండి. నోటిమాట చాలదు. వోల్వోలో అడాప్టివ్ క్రూజ్‌తో పాటు లేన్ మధ్యలో నిలిపే పైలట్ అసిస్ట్ కూడా వస్తుంది. విజయవాడ హైవే మీద వారం వారం తిరిగేవారికి దీని విలువ తెలుస్తుంది.

లగ్జరీ బ్యాడ్జ్ ఉంటేనే భద్రత అనుకునేవారికి ఒక మాట: ముప్పై లక్షల లోపే మొదలయ్యే మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ, టాటా హారియర్ ఈవీ రెండూ భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దల రక్షణకు 32కి 32 తెచ్చుకున్నాయి. ఆ పరీక్షా యూరో ఎన్‌క్యాప్ పరీక్షా ఒకటి కావు కాబట్టి మార్కులను పక్కపక్కన పెట్టకూడదు. కానీ అదనంగా పెట్టే ఇరవై లక్షల్లో భద్రత వాటా మనం ఊహించుకున్నంత ఉండదు.

బ్యాటరీ: మంట, నీళ్లు, కింద దెబ్బ

సీలయన్ 7లో ఉన్నది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్లేడ్ బ్యాటరీ, 82.56 కిలోవాట్ అవర్. మన కరెంటు బిల్లు భాషలో అన్ని యూనిట్లు. ఐఎక్స్1లో 66.4, ఈఎక్స్40లో 69 యూనిట్ల నికెల్ రకం బ్యాటరీలు. ఎల్ఎఫ్‌పీ సెల్ అదుపు తప్పి మండటానికి ఎక్కువ వేడి కావాలి, మండినా విడుదలయ్యే వేడి తక్కువ. ఆ మేరకు బీవైడీది పైచేయి. రోజూ నూరు శాతం నింపినా ఎల్ఎఫ్‌పీ తట్టుకుంటుంది. మిగతా రెంటిని రోజువారీగా 80 శాతం దగ్గర ఆపి, దూరం వెళ్లే ముందురోజు రాత్రే నిండుగా నింపాలి. బరువు మాత్రం బీవైడీకి ఎక్కువ.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాక, మునిగిన ఎలక్ట్రిక్ కారును ఏం చేయాలన్న ప్రశ్న మనవాళ్లకు పుస్తకాల్లోది కాకుండా పోయింది. బ్యాటరీకి ఇచ్చే ఐపీ67 అనే నీటి రక్షణ రేటింగ్ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. రాత్రంతా మునిగి ఉండటానికి అది హామీ కాదు. నీళ్లు తీశాక కారు ఆన్ చేసి చూడకండి, చార్జర్ అసలే పెట్టకండి. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ మీద వర్క్‌షాప్‌కి పంపి, హైవోల్టేజ్ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిపించాలి. ఆ రిపోర్టు కాగితం తీసుకోండి, బీమా క్లెయిమ్‌కి అదే ఆధారం. కొన్నాళ్ల తర్వాత బయటపడే తుప్పు కనెక్టర్లలోనే మొదలవుతుంది.

మన రోడ్ల మీద నీటికన్నా తరచుగా ఎదురయ్యేది కింద తగిలే దెబ్బ. కొలత లేని స్పీడ్ బ్రేకర్, ఎత్తు తేలిన మ్యాన్‌హోల్ మూత, లారీ నుంచి పడ్డ ఇనుప ముక్క. గట్టిగా తగిలిన శబ్దం వస్తే ఆపి కింద చూడండి: రంగు నీళ్లు కారుతుంటే అది కూలెంట్, ఇక కదపకూడదు. ఏమీ కారకపోయినా లిఫ్ట్ మీద పెట్టించి ఫొటోలు తీయించాలి. ఎందుకంటే బ్యాటరీ వారంటీ సెల్ లోపాలకే, గుద్దుకున్న దెబ్బకు కాదు. బీఎండబ్ల్యూ, వోల్వో ఇచ్చే 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీకీ ఇదే సూత్రం.

తలుపు పిడి కూడా భద్రతలో భాగమే. సీలయన్ 7 పిడులు బాడీలోకి మునిగి ఉండి కరెంటుతో బయటికొస్తాయి. వోల్వోవి పాతకాలపు లాగే పిడులు. ప్రమాదంలో 12 వోల్ట్ సరఫరా తెగితే బయటివాడు తలుపు ఎలా తెరుస్తాడన్నది ఇప్పుడు పెద్ద చర్చ. మెకానికల్ పిడి లేని కొత్త మోడల్ కార్లను 2027 జనవరి 1 నుంచి అనుమతించబోమని చైనాయే నిబంధన తెచ్చింది. డెలివరీ రోజు పిడి పనిచేయనప్పుడు తెరిచే పద్ధతి అడిగి, ఇంట్లో అందరిచేత ఒకసారి చేయించండి.

ఇక ఖర్చు

తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా పూర్తి మినహాయింపు. అదే 49 లక్షల పెట్రోల్ కారైతే 18 శాతం లెక్కన వేసినా 8.82 లక్షల లైఫ్ టాక్స్. ఎలక్ట్రిక్ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే, పెట్రోల్ ఆదా తర్వాతి మాట. 10 లక్షలు దాటిన కారు కాబట్టి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవారు బిల్లుతో పాటే వసూలు చేసే పన్ను) కట్టాలి. అది ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. చాలామంది మరిచిపోతారు.

రేంజ్ సంఖ్యలు మూడూ మూడు కొలతలు: ఐఎక్స్1కి 531 కిలోమీటర్లు, ఇది మన దేశపు ఎంఐడీసీ లెక్క. సీలయన్ 7కి 567, ఇది ఉదారంగా ఉండే పాత ఎన్ఈడీసీ. ఈఎక్స్40కి 475, ఇది కఠినమైన డబ్ల్యూఎల్‌టీపీ. ఒకరు మానికతో, ఒకరు తవ్వతో, ఇంకొకరు సోలతో కొలిచి మా గింజలే ఎక్కువంటే ఏం చెప్తాం? హైవేలో 100 కిలోమీటర్ల వేగంతో ఏసీ వేసుకుని వెళ్తే ఐఎక్స్1 వందకి 17, ఈఎక్స్40 19, సీలయన్ 20 యూనిట్లు తాగుతాయని అంచనా వేసుకోండి. 90 శాతంతో బయలుదేరి 15 దగ్గర ఆపాలంటే చేతికొచ్చేది సుమారు 290, 270, 310 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఇల్లు దగ్గర్నుంచి లెక్కేస్తే దాదాపు 275. సీలయన్ నిమ్మళంగా చేరుతుంది, ఐఎక్స్1 లెక్కపెట్టుకుంటూ చేరుతుంది, వోల్వో సూర్యాపేటలో టీకి ఆగుతుంది. ఎలాగూ అందరం ఆగేదే.

ఇంట్లో చార్జింగ్ ఖర్చు మీటరు మీద ఆధారపడుతుంది. తెలంగాణ గృహ టారిఫ్‌లో నెలకు 400 యూనిట్లు దాటితే యూనిట్ 9.50, 800 దాటితే 10 రూపాయలు. ఏసీలున్న ఇంట్లో కారు తాగే ప్రతి యూనిట్ ఈ పై శ్లాబుల్లోనే పడుతుంది. ఈవీ చార్జింగ్‌కి వేరే మీటరు తీసుకుంటే యూనిట్ 6 రూపాయలు, పైన కిలోవాట్ లెక్కన స్థిర చార్జీ. ఏడాదికి 15,000 కిలోమీటర్లు, చార్జింగ్‌లో పోయే కరెంటు కలిపి వందకి 20 యూనిట్లు అనుకుంటే 3,000 యూనిట్లు. పై శ్లాబులో 30,000, వేరే మీటరులో 18,000 ప్లస్ స్థిర చార్జీ, జీఎస్టీతో 24 రూపాయలు పడే ఫాస్ట్ చార్జర్ల మీదే బతికితే 72,000. ఇంట్లో చార్జ్ చేస్తే మూడు కార్ల మధ్య తేడా ఏడాదికి నాలుగైదు వేలు మించదు, దాని కోసం కారు ఎంచుకోవద్దు.

చార్జర్ బిగించేటప్పుడు పాత గీజర్ లైను వాడనివ్వకండి. 7.4 కిలోవాట్ల వాల్‌బాక్స్ 32 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. బోర్డు నుంచి విడి లైను, కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సొంత ఆర్‌సీబీఓ (కరెంటు లీకైనా, లోడ్ మించినా లైను ఆపే స్విచ్), మంచి ఎర్త్ పిట్ ఉండాలి. 11 కిలోవాట్ల చార్జర్‌కి త్రీ ఫేజ్ కావాలి, శాంక్షన్డ్ లోడ్ పెంచుకోవాలి. కారు చార్జ్ తీసుకోనని మొండికేస్తే కంపెనీని తిట్టేముందు ఎర్తింగ్ చూపించండి.

బీమాలో థర్డ్ పార్టీ ప్రీమియం మూడింటికీ సమానం: 65 కిలోవాట్లు దాటిన కొత్త ఎలక్ట్రిక్ కారుకి మూడేళ్లకు 20,907 రూపాయలు, పైన జీఎస్టీ. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లో, అంటే మన కారుకు జరిగే నష్టానికి కట్టే భాగంలో. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం తరుగు కోస్తారు. ఎలక్ట్రిక్ కారులో ఖరీదైన వస్తువే బ్యాటరీ, కాబట్టి ఆ తరుగు కోయని జీరో డిప్రిసియేషన్ లేకుండా ఒక్క ఏడాదీ నడపకూడదు. దానికి తోడు బ్యాటరీ ప్రొటెక్షన్, కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్‌వాయిస్ తీసుకోవాలి. ఎందుకో లెక్క చూడండి. నాలుగేళ్లు దాటేసరికి ఐడీవీ (బీమా కంపెనీ లెక్కలో కారు విలువ) కారు ధరలో సగానికి దిగుతుంది, అంటే 49 లక్షల కారుకి 24.5. రిపేరు అందులో 75 శాతం, అంటే సుమారు 18.4 లక్షలు దాటితే టోటల్ లాస్. అంటే చిన్నగా కనిపించే అడుగు దెబ్బ కూడా, బ్యాటరీ ప్యాక్ మార్చాల్సి వస్తే, నడిచే కారును తుక్కు కింద తేల్చవచ్చు. ప్యాక్ మొత్తం కాకుండా మాడ్యూల్ ఒక్కటే మార్చే సౌకర్యం మీ ఊరి వర్క్‌షాప్‌లో ఉందా అని కొనేముందే అడగాలి. రాతపూర్వకంగా.

టైర్ల దగ్గర వోల్వో కొంచెం నొప్పిస్తుంది. ముందు 235, వెనక 255 వెడల్పు కాబట్టి ముందువి వెనక్కి మార్చి అరుగుదల సర్దడం కుదరదు. రెండు టన్నుల బండి, పైగా వెనక చక్రాలు తోస్తాయి. వెనక జత ముందే అరుగుతుంది. సర్వీసు మాత్రం మూడింటికీ తేలికే: ఏసీ ఫిల్టర్, రెండేళ్లకు బ్రేక్ ఆయిల్, 12 వోల్ట్ బ్యాటరీ. ఈ చిన్న బ్యాటరీని చులకనగా చూడొద్దు. ఇది చచ్చిపోతే పెద్ద బ్యాటరీలో 80 శాతం ఉన్నా కారు కదలదు. దీన్ని చార్జ్ చేసే ఐసీసీయూ కోసమే కియా 2024 జులైలో మన దేశంలో 1,138 ఈవీ6 కార్లను వెనక్కి పిలిచింది.

వీటన్నిటినీ మింగేసేది తరుగు. నాలుగేళ్లకు సగం ధరకు అమ్ముడుపోతుందనుకున్నా ఏడాదికి ఆరు లక్షలు. దాని ముందు కరెంటు ఖర్చు చిల్లర. నాలుగేళ్లలో అమ్మే అలవాటు ఉన్నవారు ఐఎక్స్1 తీసుకోవడమే మేలు. ఇక్కడే బిగిస్తారు, సెకండ్ హ్యాండ్ కొనేవాడు బీఎండబ్ల్యూ బ్యాడ్జ్‌కి ఇచ్చే విలువ వేరు. ఎనిమిదేళ్లు, పదేళ్లు ఉంచుకునేవారికి, ఎండలో నిలిపి రోజూ నిండుగా చార్జ్ చేసేవారికి సీలయన్ 7 బ్యాటరీ సరైనది. కాకపోతే బంపర్, హెడ్‌లైట్ లాంటి భాగాలు ఎన్ని రోజుల్లో వస్తాయో సర్వీస్ మేనేజర్‌నే అడగండి, సేల్స్ కుర్రాడిని కాదు. వోల్వో భద్రతలో కొంచెం పైనే ఉన్నా విడుదలనాటి ధరల్లో దాదాపు ఆరు లక్షల తేడా ఉంది. డిస్కౌంట్ ఆ తేడాను రెండు లక్షలకు దించితే హైవే మనుషులకు నేను అదే చెబుతాను.

ఏది తీసుకున్నా, ఏడాది చివర్లో బుక్ చేస్తే డెలివరీ తేదీ కాదు, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ తేదీ అడగండి. 2026 డిసెంబర్ 31 దాటి రిజిస్టర్ అయితే లైఫ్ టాక్స్ ఎవరు భరిస్తారో బుకింగ్ ఫారం మీదే రాయించుకోండి.