రేడియో 4తో పదమూడేళ్ళు: పొద్దున ఆరింటి నుంచి అర్ధరాత్రి దాకా

బందరు నుంచి ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చిన మొదటి చలికాలం అది. ఆయన ఆఫీసుకు వెళ్ళిపోతే, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఇంట్లో నేనొక్కదాన్నే. ఒక ఛారిటీ షాపులో పాత ఎఫ్ఎం రేడియో కనిపిస్తే కొనుక్కొచ్చాను. ముల్లు తిప్పుతుంటే 93 దగ్గర పాటల్లేకుండా, ప్రకటనల్లేకుండా మనుషులు తీరిగ్గా మాట్లాడుకుంటున్న స్టేషన్ తగిలింది. బీబీసీ రేడియో 4. ఆ రేడియో ఇప్పటికీ వంటింటి కిటికీ దగ్గరే ఉంది, చక్రం మీద అంకెలు అరిగిపోయాయి గానీ ముల్లు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. కొత్తగా ఇక్కడికొచ్చిన మనవాళ్ళు "రోజంతా ఇంట్లో ఏం తోచట్లేదు, ఇంగ్లీషు కూడా మెరుగవ్వాలి" అంటే నేను మొదట చెప్పేది దీని గురించే, కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నాను.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా టుడే. వార్తలు, ఇంటర్వ్యూలు. మంత్రిగారు జవాబు తప్పించుకుంటుంటే అదే ప్రశ్న మూడోసారి నాలుగోసారి వేస్తారు, అది వినడం నాకు మొదట్లో భలే కొత్తగా ఉండేది. అయితే లండన్ రాజకీయాలు మరీ ఎక్కువ. ఎవరు ఎవరి మాటకు అడ్డం పడ్డారో తప్ప అసలు విషయం తేలని రోజులుంటాయి, అలాంటప్పుడు నేను గొంతు తగ్గించి ఉప్మా పని చూసుకుంటాను. ఎనిమిదింటికి మాత్రం మళ్ళీ పెంచాల్సిందే, ఎందుకంటే గంట కొట్టే ముందు ఆరు 'పిప్'లు వస్తాయి. అయిదు పొట్టివి, ఆఖరిది పొడుగు, ఆ పొడుగుది మొదలైన క్షణమే సరిగ్గా గంట. 1924 నుంచీ వస్తున్నాయివి. ఇక్కడ ఒక చిన్న సంగతి. మా పడగ్గదిలో డిజిటల్ రేడియో ఉంది. రెండూ పెడితే వంటింట్లో పిప్ కొట్టాక కాసేపటికి గానీ పడగ్గదిలో కొట్టదు. డిజిటల్‌లో శబ్దాన్ని కుదించి పంపి మళ్ళీ విప్పడానికి ఆ మాత్రం టైం పడుతుంది. గడియారం సరిచేసుకోవాలంటే పాత ఎఫ్ఎమ్మే నమ్మకం.

పదింటికి ఉమన్స్ అవర్. 1946లో మొదలైంది, ఆడవాళ్ళ కార్యక్రమానికి మొట్టమొదటి వ్యాఖ్యాత మగాయన కావడం ఆ రోజుల తీరు. నాకు ఈ ఊరిలో స్నేహితురాళ్ళు లేని రోజుల్లో ఇదే స్నేహితురాలు. బాబు కడుపులో ఉన్నప్పుడు, కాన్పయ్యాక వచ్చే దిగులు గురించి ఒకావిడ ఏ మొహమాటం లేకుండా మాట్లాడటం ఇందులోనే విన్నాను. మన ఇళ్ళలో ఆ మాట ఎవరూ ఎత్తరు, ఎత్తినా "అన్నీ అవే సర్దుకుంటాయిలే" అంటారు. ఆ తర్వాత నాకూ అలాంటి రోజులొచ్చినప్పుడు దాన్ని ఏమంటారో తెలిసుండటం వల్ల డాక్టరు దగ్గర నోరు విప్పగలిగాను. ఒక రేడియో కార్యక్రమానికి ఇంతకంటే ఏం రేటింగ్ ఇవ్వాలో నాకు తెలియదు.

గురువారం తొమ్మిదింటికి ఇన్ అవర్ టైమ్. మెల్విన్ బ్రాగ్ 1998 నుంచి 2025 దాకా నడిపిన కార్యక్రమం. ముగ్గురు ప్రొఫెసర్లను కూర్చోబెట్టి ఒకే విషయం మీద ముప్పావు గంట మాట్లాడిస్తారు. ఈ వారం అశోకుడైతే ఇంకోవారం ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ. ఎవరైనా దారి తప్పితే బ్రాగ్ గారు మెత్తగానే అయినా గట్టిగా వెనక్కి లాక్కొచ్చేవారు. వెయ్యికి పైగా ఎపిసోడ్లు ఎప్పుడంటే అప్పుడు వినేలా దాచిపెట్టారు. నేనైతే ఫోన్లో వెతుక్కుని ఆ కిరణజన్యం ఎపిసోడ్ జన్మలో పెట్టుకునేదాన్ని కాదు. రేడియోలో వచ్చింది కాబట్టి, చేతులకు చపాతీ పిండి అంటుకుని ఉండటం వల్ల కట్టేయలేకపోయాను కాబట్టి విన్నాను. ఈ స్టేషన్ మీద నా అభిమానమంతా ఇక్కడే ఉంది. మనకు నచ్చేవే వెతికి మన ముందు పోసే యాప్‌లు చాలా ఉన్నాయి. నేను అడగనిదాన్ని, అయినా నాకు పనికొచ్చేదాన్ని, వండి వడ్డించే చోటు ఇదొక్కటే దొరికింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు వార్తలు, రెండింటికి ది ఆర్చర్స్, ఆ వెంటనే నాటకం. నాటకాలు ఒకరోజు బాగుంటాయి, ఒకరోజు నిద్రొస్తుంది. ఆర్చర్స్ గురించి మాత్రం కాస్త చెప్పాలి. ఆంబ్రిడ్జ్ అనే కల్పిత పల్లెటూరి కథ, రోజూ పావుగంట కూడా ఉండదు. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా వస్తోంది. సాయంత్రం ఏడింటికి కొత్త భాగం, మర్నాడు రెండింటికి అదే మళ్ళీ. ఇది మొదలైందే రైతుల కోసం. యుద్ధం అయిపోయినా తిండికి కటకటగా ఉన్న ఆ రోజుల్లో దిగుబడి పెంచే పద్ధతులు కథలో కలిపి చెబుదామని వ్యవసాయ శాఖ సలహాతో తయారుచేశారు. ఆ సంగతి తెలిశాక మా తాతయ్య గుర్తొచ్చారు. ఆకాశవాణి విజయవాడలో పొలం పనుల కార్యక్రమం వచ్చే వేళకు అరుగు మీద ట్రాన్సిస్టర్ పెట్టుకుని, ఏ పురుగుకు ఏ మందో పెన్సిల్‌తో క్యాలెండర్ వెనక రాసుకునేవారు. మొదటి ఆర్నెల్లూ ఆర్చర్స్‌లో ఎవరు ఎవరికేమవుతారో అర్థంకాదు, వదిలేయకండి. ఆవులు, గొర్రెలు, కౌలు గొడవలు, అన్నదమ్ముల ఆస్తి పంపకాలు, ఊరి పెత్తనాలు, అన్నీ మనకు తెలిసినవే, యాసే వేరు.

అయిదింటికి మళ్ళీ వార్తలు. ఆరింటికి లండన్ గడియార గోపురంలోని బిగ్ బెన్ గంట, రికార్డింగ్ కాదు, గోపురంలో పెట్టిన మైకు నుంచి నేరుగా వచ్చే మోత. 2017లో గడియారం మరమ్మతులని గంట ఆపినప్పుడు కొన్నేళ్ళపాటు ఆ మోత లేకపోయేసరికి సాయంత్రం అయినట్టే ఉండేది కాదు. ఆరున్నరకు కామెడీ. ఇది నాకు అంతగా ఎక్కలేదు, సగం జోకులకు ఇక్కడి టీవీ మనుషులు, ఇక్కడి స్కూళ్ళ సంగతులు తెలిసుండాలి. మా బాబు పడీపడీ నవ్వుతాడు.

ఇంకా చెప్పదగ్గవి చాలానే ఉన్నాయి. టిమ్ హార్‌ఫర్డ్ నడిపే మోర్ ఆర్ లెస్ పేపర్లలో వచ్చే అంకెలు నిజమో కాదో పట్టి చూస్తుంది. శుక్రవారం మూడింటికి 1947 నుంచీ వస్తున్న తోటల కార్యక్రమం ఉంది. చలిదేశంలో బెండకాయ పండించే ఆశ నాకు అక్కడే కలిగింది, గ్రీన్‌హౌస్ లేకుండా రాలేదనుకోండి. ఖర్చంటారా, రేడియో వినడానికి ఇక్కడ లైసెన్స్ అక్కర్లేదు. దేశం బయట ఉంటే 2025 నుంచి బీబీసీ సౌండ్స్ యాప్ పనిచేయదు, బీబీసీ వెబ్‌సైట్లో మాత్రం రేడియో 4 లైవ్ వినొచ్చు. బందరు వెళ్ళినప్పుడు నేనదే చేస్తాను.

అన్నిటికంటే నాకు ప్రాణం అర్ధరాత్రి దాటాక 12:48కి వచ్చే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్. ఓడలకీ పడవలకీ వాతావరణ సూచన. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, ఒక్కోదాని పేరు చదివి, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వీస్తుందో, వాన ఉందో లేదో, ఎంత దూరం కనిపిస్తుందో పొడి మాటల్లో చెప్తారు. వైకింగ్, నార్త్ ఉట్సిరా, సౌత్ ఉట్సిరా, ఫోర్టీస్, క్రోమార్టీ, ఫోర్త్, టైన్, డాగర్... బాబు రాత్రుళ్ళు నిద్రపోని నెలల్లో వాడిని భుజాన వేసుకుని చీకట్లో తిరుగుతూ రోజూ విన్నాను, ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఆ వరసలో ఫిట్జ్‌రాయ్ అని ఒకటుంది. అంతకుముందు ఫినిస్టెర్ అనేవారు, 2002లో పేరు మార్చారు. ఇక్కడి వాతావరణ శాఖను మొదలుపెట్టిన కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ పేరది. 1861లో ఆయనే టెలిగ్రాఫ్ ద్వారా తుఫాను కబురు పంపి, రేవుల్లో స్తంభాల మీద గుర్తులు ఎగరేసే పద్ధతి పెట్టించాడు. అది చదివిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది. మా ఊరి రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో వింటూ పెరిగినదాన్ని. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి తర్వాత, సముద్రం మీద వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, మా ఇంట్లో రేడియో కట్టేసేవాళ్ళు కాదట.

పోయినేడు అమ్మ వచ్చి మూడు నెలలుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఒక రాత్రి నిద్రపట్టక వంటింట్లోకొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. రేడియోలో ఆ గొంతు తొందర లేకుండా పేర్లు చదువుకుంటూ పోతోంది. అమ్మ కాసేపు చెవిపెట్టి విని, "ఏ రేవులో ఎగరేశారే?" అంది.