చింతపిక్కల డబ్బా, చీర ముక్క: మా ప్రయాణాల ఆటల్లో ఏవి నిలిచాయంటే

సికింద్రాబాద్‌లో రైలెక్కి సామర్లకోటలో దిగేదాకా పిల్లలకు ఫోన్ ఇవ్వకూడదని ఇంట్లోనే రకరకాల ఆటలు తయారు చేశాం. ఏళ్లుగా వాడుతున్నాం. వాటిలో సగం ఆటలు బ్యాగు అడుగునే నలిగిపోయాయి. ప్రతిసారీ వెంట వచ్చేది మాత్రం అష్టాచెమ్మానే.

అట్ట మీద గీస్తే మడత దగ్గర చిరుగుతుంది. అందుకని పాత కాటన్ చీర ముక్క మీద అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు వచ్చేలా దారంతో కుట్టాను. జేబురుమాలంత అవుతుంది. టీ ఒలికితే ఉతుక్కోవచ్చు. గవ్వలు వేస్తే బెర్త్ కిందికి దొర్లిపోతాయి, ఎదుటివాళ్ల కాళ్ల మధ్య వెతుక్కోవాలి. అందుకే రెండు చింతపిక్కలు పగలగొట్టి, నాలుగు బద్దల్నీ ఒక చిన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూతకు టేపు చుట్టేశాం. ఊపి చూడడమే. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. చంటిపిల్లలు నోట్లో పెట్టుకుంటారన్న భయం కూడా లేదు. కాయలుగా చొక్కా గుండీలు వాడుతున్నాం గానీ, అవి మాత్రం చంటిపిల్లలకు అందనివ్వకూడదు.

తలా నాలుగు కాయలతో ఆడితే ఆట తెమలదు. రెండేసి కాయలైతే విజయవాడలో మొదలుపెట్టి ఏలూరు దాటేలోపు ముగించొచ్చు. కాయ చంపినప్పుడు మా చిన్నది ఏడుస్తుంది. అయినా ఆ నియమం తీయలేదు, అది లేకపోతే ఆటలో పసే ఉండదు. ఇంకో సంగతి: గుడ్డ పరిస్తే చాలు, పక్క సీటు పెద్దావిడ ఎవరో ఒకరు కల్పించుకుంటారు. "అదేంటమ్మా, ఒక కాయైనా చంపకుండా లోపలి గళ్లలోకి ఎలా పోనిస్తారు?" అంటారు. ఆ వాదన అయ్యేసరికి ఇంకో స్టేషన్ దాటిపోతుంది.

పులి–మేక ఆటకు నేను మంచి మార్కులే వేస్తాను, పిల్లలు వేయరు. మూడు పులులు, పదిహేను మేకలు, ఇద్దరే ఆడాలి. మూడో పిల్లాడుంటే గొడవే. పాత బిస్కెట్ల రేకు డబ్బా మూత మీద పెయింట్‌తో గీసి, చిన్న అయస్కాంతాలు పెడితే రైలు ఎంత ఊగినా కదలవు. స్టీలు టిఫిన్ మూత మీద ప్రయత్నించకండి, చాలావాటికి అయస్కాంతం అంటుకోదు.

ఊర్ల పేర్ల అంత్యాక్షరికి సామాను అక్కర్లేదు, కానీ మనవైపు 'పురం', 'వరం' ఊళ్లు ఎక్కువ కాబట్టి ప్రతివాడికీ 'మ' వస్తుంది. మధిర, మహబూబాబాద్, మంగళగిరి, మదనపల్లె అయిపోయాక మా పెద్దాడు మార్కాపురం అని మళ్లీ 'మ' అంటగట్టేస్తాడు. వరసగా రెండుసార్లు 'మ' వస్తే దాని ముందక్షరం తీసుకోవాలని పెట్టుకున్నాక ఆట కాస్త ముందుకెళ్తోంది.

కార్లో వెళ్లేటప్పుడు బండి నంబరు చూసి జిల్లా చెప్పే ఆట ఉండేది. ఏపీ 05 తూర్పు గోదావరి, ఏపీ 31 విశాఖ. 2019 నుంచి ఆంధ్రాలో కొత్త బండ్లకు రాష్ట్రమంతా ఒకే ఏపీ 39 ఇవ్వడం మొదలయ్యాక అక్కడ ఆ ఆట చప్పబడింది. తెలంగాణలో ఇంకా నడుస్తుంది, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చినా జిల్లా అంకెలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు టీజీ బండికి రెండు మార్కులు, టీఎస్‌కు ఒకటి, రాష్ట్రం విడిపోకముందు నాటి హైదరాబాద్ నంబరు ఏపీ 09 కనిపిస్తే ఐదు.

కార్లో తల వంచుకుని ఆడే ఆటలేవీ మాకు పనికిరాలేదు, పావుగంటలో కడుపులో తిప్పుతుందంటారు. అరకు ఘాట్ ఎక్కేటప్పుడైతే ఏ ఆటా వద్దు. ఒక నిమ్మకాయ, రెండు కవర్లు దగ్గర పెట్టుకుని కిటికీ తీయండి.